నట్టు మీద పసుపు గీత

ఇంజిన్ మూత తీయగానే సెతున్యాకు ఒళ్లు మండింది.

మూడో సిలిండర్ నట్ల మీద పసుపు గీతలున్నాయి. బిగించిన నట్టు తర్వాత కదిలితే తెలియడానికి మెకానిక్‌లు దాని మీదుగా రంగుతో ఒక గీత గీస్తారు. సెతున్యా మొదటి నుంచీ ఎర్ర రంగే వాడుతుంది. ఇంట్లో అసలు పసుపు రంగు సీసాయే లేదు.

అంటే తన ఇంజిన్ మీద ఇంకో చెయ్యి పడింది.

ఆ నాలుగు సీట్ల పాత విమానమే వాళ్ల బతుకుతెరువు. కలహారి ఎడారి అంచున దూరదూరంగా ఉన్న పశువుల మందలకు మందులు, బోరుబావుల సామాన్లు చేరవేస్తాడు ఆమె మొగుడు ఒతెంగ్. ఎగరడం అతని వంతు, ఇంజిన్ ఆమె వంతు. పెళ్లయిన నాటి నుంచీ అంతే. ఇంటి వెనక రేకుల షెడ్డే వర్క్‌షాపు.

"ఎవరైనా దీన్ని ముట్టుకున్నారా?" అంది.

"ఎవరు ముట్టుకుంటారు సెతూ? నీ షెడ్డులోకి కోడి కూడా నిన్నడక్కుండా రాదు."

ఆ మాట అంటున్నప్పుడు ఒతెంగ్ ఆమె వైపు చూడలేదు.

గాల్లో ఇంజిన్ దగ్గుతోందన్నాడు కదా, ముందు ఆ సంగతి చూడాలి. కాసేపు తిప్పి ఆపింది. పొగ గొట్టాల మీద ఒక్కో నీటి చుక్క వేసింది. మిగతావన్నీ చుయ్యిమన్నాయి. మూడోది మాత్రం చుక్కను అలాగే మోసుకుని నిలబడింది. ఆ సిలిండర్ మండట్లేదు. ప్లగ్గు విప్పితే మొన నిండా నూనె మసి. తుడిచి, సందు సరిచేసి, మళ్లీ పెట్టింది. ఇంజిన్ పిల్లిలా గురగురలాడింది.

పని అయ్యాక ఒతెంగ్ ఎప్పటిలాగే టార్చి పట్టుకుని ఇంజిన్‌లోకి తొంగిచూశాడు.

"ఏం వెతుకుతున్నావ్?"

"ఏమీ లేదు. ముచ్చటగా ఉంటే చూస్తున్నా."

ఇంజిన్‌ను చూసి ముచ్చటపడే మనిషా ఇతను!

ఈ మధ్య ఇంట్లో అన్నీ ఇలాగే ఉన్నాయి. పై అరలో పెట్టిన రెంచీలు కింది అరలో కనిపిస్తాయి. అడిగితే "నేనే తీశాను, పొరపాటైంది" అంటాడు. రెంచీలతో అతనికేం పని? విమానం కూడా నేరుగా పోనివ్వడు. అడ్డంగా ఎడారి మీదుగా వెళ్తే దగ్గర. అది వదిలేసి తారురోడ్డు వెంబడి, కిందగా, చుట్టూ తిరిగి వెళ్తాడు. నేనూ వస్తానంటే ఎక్కించుకోడు.

"బరువెక్కువవుతుంది సెతూ."

"నేనేమన్నా ఎద్దునా?"

"కాదులే, రాణివి. రాణులు ఇంట్లోనే ఉంటారు." నవ్వాడు. ఆ నవ్వు కళ్లదాకా పోలేదు.

అతను బయల్దేరాక ఆమె నేరుగా కూడలికి వెళ్లింది. అక్కడ మగ్విన్యాలు వేయించి అమ్మే కెనోసికి తెలియని ఊసుండదు.

"మా ఆయన విమానం ఎక్కడెక్కడ దిగుతోందే?"

కెనోసి పిండి ముద్దను నూనెలోకి జారవిడిచింది. "పక్క ఊరి మైదానం చివర, ఆ లెసెది ఇంటి ముందు పచ్చగడ్డి మొలిచిందేమో తల్లీ! ఎప్పుడు చూసినా మీ విమానం అక్కడే కట్టేసుంటుందట."

"లెసెది ఎవరు?"

కెనోసి చేతిలో గరిటె ఆగింది. సెతున్యా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. వేడివేడిగా రెండు మగ్విన్యాలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. డబ్బులు కూడా తీసుకోలేదు.

జాలిపడుతోందన్నమాట. ఊరంతటికీ తెలుసు. తెలియనిది తనకొక్కదానికే.

సెతున్యా అటు నుంచి అటే బస్సెక్కింది.

పక్క ఊళ్లో విమానాలు దిగే మైదానం చివర, వేపచెట్ల వెనక ఉంది లెసెది ఇల్లు. తన ఇంటికి లాగే దానికీ ఒక రేకుల షెడ్డు. గేటు తోసుకుని లోపలికెళ్తే కట్టేయని పెద్ద కుక్క ఒకటి ఎదురొచ్చింది. మొరగలేదు. తోకాడించింది. ఈ ఇంట్లో కుక్కకు కూడా నటన నేర్పినట్టుంది.

షెడ్డులో ఎవరిదో ఇంజిన్ ముందు వంగి ఉన్న మనిషి లేచి నిలబడింది. సెతున్యా కంటే చిన్నది. చక్కగా ఉంది. మోచేతుల దాకా గ్రీజు. బల్ల మీద పసుపు రంగు సీసా.

"కూర్చో అక్కా. ఎండన పడి వచ్చావు," అంటూ కుర్చీ లాగింది.

ఎవరని అడగలేదు. అంటే తనెవరో ఈమెకు తెలుసు. ఒతెంగ్ ఇంటి గుట్టంతా ఇక్కడ విప్పేశాడన్నమాట.

"కూర్చోడానికి రాలేదు. నా ఇంజిన్ మీద నీ గీతలేంటి? నా మొగుడి మీద కూడా ఒకటి గీశావా?"

లెసెది చేతిలోని రెంచీ బల్ల మీద పెట్టింది.

"మాట్లాడవేం? వారం వారం నీ గుమ్మం ముందు దిగడానికి ఇక్కడ ఏం దాచుకున్నాడు?"

లెసెది పాతగుడ్డతో చేతులు తుడుచుకుంది. దగ్గరికొచ్చి, సెతున్యా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు బిగించడం మరిచిపోయిన నట్లు నాతో బిగించుకుని వెళ్లడానికే వస్తాడక్కా, ఆ పని నీ చేతుల్లోంచి లాక్కోలేక. పోయిన నెల నువ్వొచ్చి ఇదే అడిగినప్పుడు కూడా ఈ మాటే చెప్పాను."