నిండుగా మిగిలిన డబ్బా

అయిదో ఆటగాడు అప్పలసూరికి సరిగ్గా ఆ ఉదయమే జ్వరం తగులుకుంది.

ఉపేంద్రకి ఒళ్లు మండిపోయింది. జ్వరానికైనా వేళాపాళా ఉండొద్దా?

2017 సెప్టెంబరు. విజయనగరం ఊరి బయట మామిడితోటలో, చాటుకి డ్రమ్ములు పెట్టి, పెయింట్‌బాల్ పోటీలు. గన్‌తో రంగు బాల్స్ కాల్చుకునే ఆట, బాల్ తగిలి పగిలి రంగంటిందా, వాడు అవుట్. జట్టుకి అయిదుగురుండాలి, ఒకడు తగ్గినా ఆడనివ్వరు. రెండు ఆటలు గెలిస్తే, నిరుడు కప్పు గెలిచి ఈసారి నేరుగా ఫైనల్లో దిగే శ్రీకాకుళం జట్టుతో ఆట. ఆ జట్టు కెప్టెన్ విశ్వనాథ్, ఉపేంద్రకి సొంత అక్క మొగుడు.

నిరుడు ఆ బావ చేతిలోనే ఓడిపోయాడు. అంతటితో వదిలాడా ఆ మహానుభావుడు? సిరిమాను పండగ భోజనాల్లో, అందరూ చూస్తుండగా, ఉపేంద్ర విస్తట్లో లడ్డూ పక్కన ఒక రంగు బాల్ పెట్టాడు.

"ఇదైనా గురి సూసి నోట్లో యేసుకో, బావమరిదీ."

పంక్తంతా నవ్వింది. కట్టుకున్న భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నెల తిరక్కుండా మళ్లీ పండగ వస్తోంది. ఈసారి కప్పు లేకుండా ఆ పంక్తిలో కూర్చోనని ఒట్టేసుకున్నాడు ఉపేంద్ర.

అయిదోవాడు కావాలి. తోట యజమాని చుట్టూ చూసి, నీళ్ల మోటారు బాగుచెయ్యడానికి రామతీర్థం నుంచి వచ్చిన మనిషిని పిలిచాడు. పేరు పోతురాజు. నలభై ఏళ్లుంటాయి. చేతులు మోచేతుల దాకా గ్రీజు.

ఉపేంద్ర మొహం గంటు పెట్టుకున్నాడు. కానీ వేరే దారి లేదు.

ఆ తోటలో తగువులు రాకుండా జట్టుకో రంగు ఇస్తారు. ఉపేంద్ర జట్టుకి పసుపు. పొద్దుటి ఆటలకి పసుపు బాల్స్ నలుగురికే సరిపోయాయి, ఫైనల్ వేళకి ఇంకా తెప్పిస్తామన్నారు. పోతురాజుకి ఏ జట్టుకీ ఇవ్వకుండా మూల పడున్న పాత నీలం బాల్స్ ఇచ్చారు. అతను గట్టు మీద కూర్చుని ఒక్కో బాల్‌నీ వేళ్ల మధ్య తిప్పి చూశాడు. చెమ్మకి ఉబ్బినవి పక్కన పారేసి, గుండ్రంగా ఉన్నవాటిని తువ్వాలుతో తుడిచి గన్ మీది డబ్బాలో వేసుకున్నాడు.

సంతలో వంకాయలేరుతున్నాడా వీడు, అని పళ్లు నూరాడు ఉపేంద్ర.

మొదటి ఆట గెలిచారు. రెండోదీ గెలిచారు. దెబ్బ తగిలినవాడు చెయ్యెత్తి బయటికి పోవడమే, ఎవరి బాల్ తగిలిందని అడిగే తీరిక ఎవరికుంది?

గెలిచినా ఉపేంద్ర కోపం తగ్గలేదు.

వాళ్లది గంటస్తంభం దగ్గర మూడు తరాల బట్టలకొట్టు. సాయంత్రం ఏ గుమాస్తా ముందు విప్పిన చీరల గుట్ట పెద్దగా ఉంటే వాడు పనిమంతుడు. గుట్ట లేనివాడు సోమరి. తాత నాటి నుంచీ ఆ కొట్లో అదే కొలత. ఆ కొలతతోనే ఉపేంద్ర అందరి డబ్బాలూ తెరిచి చూశాడు. నలుగురివీ ఖాళీ. పోతురాజుది నిండుగా ఉంది, లెక్కపెడితే తొమ్మిదే తగ్గాయి.

"రెండాటల్లో తొమ్మిది బాల్సా? డ్రమ్ము ఎనకాల పడుకోడానికొచ్చేవేటి?"

పోతురాజు మాస్క్ తీసి నెమ్మదిగా చెప్పాడు.

"బాబూ, మీరు కాల్సినంతసేపూ మీరెక్కడున్నారో ఆళ్లకి మీరే సెప్తన్నారు. ఆ సప్పుడు సాలు ఆళ్లకి. సోటు మారండి. మడిసి కనబడ్డాకే ఒక్కటి కాల్సండి."

ఉపేంద్రకి కోపం నషాళానికెక్కింది. మోటార్లు విప్పుకునేవాడు తనకి పాఠం చెబుతాడా? అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. పిరికివాడన్నాడు, తిండి దండగన్నాడు, ఫైనల్లో నీ మొహం కనబడితే నేనాడనని తేల్చేశాడు.

పోతురాజు మాస్క్ అద్దం తుడిచి బల్ల మీద పెట్టాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, మోటారు వైపు కూడా చూడకుండా రామతీర్థం ఆటో ఎక్కేశాడు.

అతని చోట్లో, చూడ్డానికొచ్చిన తన కొట్టు గుమాస్తా గంగులుని దింపాడు ఉపేంద్ర. కొట్లో అందరికంటే పెద్ద గుట్ట గంగులుదే.

ఫైనల్లోనూ గంగులు తన పేరు నిలబెట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో డబ్బా ఖాళీ చేశాడు. ఉపేంద్ర అయితే బావ ఎక్కడున్నాడో చూడకుండానే, ఏడాది కోపమంతా మామిడిచెట్ల మీద కాల్చిపారేశాడు. శ్రీకాకుళం వాళ్లు చప్పుడు విని, చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చారు. ఆరు నిమిషాల్లో ఉపేంద్ర జట్టు అయిదుగురూ బయటికొచ్చేశారు.

విశ్వనాథ్ కప్పు చంకలో పెట్టుకుని, నేల మీద పడున్న పసుపు బాల్ ఒకటి ఏరి జేబులో వేసుకున్నాడు.

"పండక్కి దాస్తన్నాను, బావమరిదీ."

ఉపేంద్ర ఆటకిచ్చిన ఖాకీ చొక్కా విప్పి నేలకేసి కొడదామని ఉతికే తొట్టె దగ్గరికి పోయాడు. మోటారు నడవక తొట్టెలో చుక్క నీరు లేదు. పొద్దుట తమ చేతిలో ఓడిపోయిన రెండు జట్ల చొక్కాలూ విప్పినవి విప్పినట్టే గట్టు మీద పడున్నాయి. ఉతికే జగ్గమ్మ మండిపడుతోంది.

"ఆ పోతురాజుని ఎవుడో తరిమేసినాడంట, ఆడి సేతులు పడిపోను. మోటారొక్కటేనా బాబూ, ఈ తుపాకులన్నిటికీ మరమ్మత్తు సేసి, కొబ్బరిసిప్ప ఎట్టి గురి సూసీవోడూ ఆడే. ఇప్పుడీ రంగులెలాగ ఒదిలేది?"

ఉపేంద్ర చెయ్యి ఆగిపోయింది. వంగి చొక్కాలు ఒక్కొక్కటే తిరగేశాడు. పది చొక్కాలు. తమ పసుపు కోసం వెతికాడు.

పసుపు ఒక్క చొక్కా మీద, అదీ మోచేతి దగ్గర ఉంది. మిగతా తొమ్మిదింటి మీదా సరిగ్గా రొమ్ము మధ్యన ఒక్కొక్కటే నీలం మచ్చ.