నాలుగక్షరాలు

పదకొండేళ్లుగా ఆ పనసచెక్క పీట మీద సీతారామలక్ష్మి తప్ప మరొకరు కూర్చోలేదు. రాజమహేంద్రవరంలో సబ్ కలెక్టరు గారి కుర్చీ కూడా ఈ పదకొండేళ్లలో నలుగురు దొరల కింద నలిగింది గానీ, పీట మాత్రం చేతులు మారలేదు.

పీట గొప్పదేమీ కాదు. మాణిక్యాంబ గారి వసారాలో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఏడెనిమిది మంది పెద్ద ముత్తయిదువలు చేరి పొడుపు కథలు వేసుకుంటారు. వాళ్ల కోడళ్లు ఇళ్లలో ఊపిరి పీల్చుకునేది ఆ రెండు గంటలే. ఏడాదికోసారి, అట్లతద్ది వెళ్లిన శుక్రవారం, అసలు పోటీ. నెగ్గినవాళ్లకి ఏడాదంతా పీట, తొలి తాంబూలం. మిగతావాళ్లకి చాప.

అరవై రెండేళ్ల సీతారామలక్ష్మి గెలుపు వెనక ఉన్నది ఆమె భర్త. కోర్టులో గుమాస్తాగిరీ చేసి పింఛను పుచ్చుకుంటున్న ఆయనకి కొత్త పొడుపు కథలు కట్టడం సరదా. అన్నం తింటూ భార్యకి ఒకటి చెప్పేవారు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, శుక్రవారం నాడు తన బుర్రలోంచే ఊడిపడినట్టు వసారాలో విప్పేది.

పాపం, ఆయనకి ఉన్న మరో సరదా పురాణ కాలక్షేపం. వారానికి రెండుసార్లు పడవెక్కి గోదావరి అవతలికి వెళ్లి వినొచ్చేవారు. నదిమీద దొరలు రైలు వంతెన కడుతున్నారు గానీ, వంతెన పూర్తవకముందే ఆయన మోకాళ్లు పూర్తయ్యాయి. ఇప్పుడు సాయంత్రాలు వీధిలోనే నాలుగడుగులు వేసి వస్తున్నారు.

ఇలా నిక్షేపంలా సాగిపోతున్న సామ్రాజ్యంలోకి అచ్చాయమ్మ వచ్చి పడింది.

ఆర్నెల్ల క్రితం కొవ్వూరు నుంచి వచ్చి అదే వీధిలో అద్దెకు దిగింది. యాభై దాటిన మనిషి. మొగుడు ఓడెక్కి రంగూన్ వెళ్లి పాతికేళ్లయిందట. ఉత్తరం లేదు, కబురు లేదు. అయినా నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతినిండా గాజులు. వసారాలో అందరూ సీతారామలక్ష్మిని “వదినగారూ” అంటే, ఈవిడ మొదటిరోజే “అక్కయ్యగారూ” అంది. ఆ పిలుపుకి సీతారామలక్ష్మి కరిగిపోయింది. మళ్లీ శుక్రవారం దాకా.

“కుండ వీపు మీద పుట్టిన కాగితం, చదవక్కర్లేదు...” అని సీతారామలక్ష్మి మొదలుపెట్టిందో లేదో, “పూతరేకండీ” అంది అచ్చాయమ్మ.

తరవాతి వారం అంతే. ఆపై వారమూ అంతే. తన మొగుడు సొంతంగా కట్టినవి, గడప దాటనివి, ఈవిడకి సగం వినగానే ఎలా తెలుస్తున్నాయి? ఉండబట్టలేక భర్తనే అడిగింది.

ఆయన మజ్జిగన్నంలోంచి తలెత్తకుండా, “కొందరి బుర్రలు అంతేనే” అన్నారు.

ఆ మాటకి ఆమెకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

పోటీ రోజు రానే వచ్చింది. నియమం ఒక్కటే, అదీ సీతారామలక్ష్మి పట్టుబట్టి పెట్టించిందే. జవాబు ఉన్నమాట ఉన్నట్టు పలకాలి. ఇది బుల్లెమ్మ కోసం. బుల్లెమ్మ మొగుడు వేంకటేశ్వర్లు. జవాబు ఏడుకొండలవాడని తేలినప్పుడల్లా ఆవిడ “మా ఇంట్లో ఆయన పేరండీ” అని పమిట నోటికి అడ్డం పెట్టుకుని నెగ్గేసేది. మొగుడి పేరు పలికితే ఆయుక్షీణమని ఆ వసారాలో అందరికీ నమ్మకమే. అయితే మాత్రం, ఆట ఆటే కదా!

సాయంత్రానికి ఇద్దరే మిగిలారు. చెరో అయిదూ చెప్పి సమానంగా నిలిచారు.

“మీ ఇద్దరికీ అన్నీ తెలిసినవే అవుతున్నాయర్రా” అని విసుక్కున్నారు మాణిక్యాంబ గారు. ఆవిడకి ఎనభై దాటాయి. “చంటిపిల్లలకి వేసేది వేస్తాను. ముందు మనిషి, వెనక మృగం. తల్లి కడుపున పుట్టలేదు. కాపురం అంతర్వేదిలో. నాలుగక్షరాలు. ముందు నువ్వు చెప్పు, సీతారామలక్ష్మీ.”

సీతారామలక్ష్మి నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుంది.

నరసింహం. స్తంభానికి కట్టేసిన దూడకి కూడా తెలుసు. సీతారామలక్ష్మి మొగుడి పేరు అదేనని కూడా అందరికీ తెలుసు, ఒక్క మాణిక్యాంబ గారికి తప్ప. ఆవిడ ఈమధ్య సొంత మనవల పేర్లే మరిచిపోతున్నారు.

“అదేనండీ... మా ఇంట్లో...”

“డొంకతిరుగుడు చెల్లదు కదండీ వదినగారూ” అంది బుల్లెమ్మ, పంచదార కలిపిన గొంతుతో.

పీటా, మొగుడి ఆయుష్షా? సీతారామలక్ష్మి ఒక్క క్షణం తూచింది. తూచినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. పదకొండేళ్ల పీట మీంచి మోకాళ్లు పట్టుకుని లేచి, చాప మీద కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లోపల ఎక్కడో గర్వంగానే ఉంది. ఆయన కోసం ఏం వదులుకుందో ఇంటికెళ్లగానే ఆయనకి చెప్పాలి.

ఇక అచ్చాయమ్మ వంతు. ఓడిపోయినా పెద్దరికం పెద్దరికమే కాబట్టి, సీతారామలక్ష్మి స్వయంగా పీటని ఆవిడ ముందుకి జరిపింది.

“చెప్పండి. మీకు తెలియకేం! రంగూన్ వెళ్లిన మీ ఆయన పేరు ఇది కాదుగా.”

“చెప్పమ్మా. నీకేం అడ్డు? నోరు విప్పితే పీట నీదే” అన్నారు మాణిక్యాంబ గారు.

అచ్చాయమ్మ పీట వంక ఆశగా చూసి, సీతారామలక్ష్మి వంక చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, “ఆ పేరు నేను మాత్రం ఎలా పలుకుతానండీ అక్కయ్యగారూ?” అంది.