కొండ దిగిన బ్యాగులు

రెండు బ్యాగులూ ఆ పొద్దున్నే వచ్చాయి. కొండల్లో చిక్కుకున్నవాళ్ళని కిందికి దించే దళం వాళ్ళు రెండింటినీ కలిపి ఒకే గోనెలో కుట్టి డ్రైవింగు స్కూలు మాస్టారి ఇంటికి పంపించారు. అందుకని కళ్ళజోళ్ళ షాపాయన తన బ్యాగు కోసం ఆ ఇంటికి రావాల్సి వచ్చింది.

వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. మాస్టారి భార్య టీ ఇచ్చింది. కప్పు పట్టుకున్నాడు గానీ చేతికి వేడి తెలియలేదు. మాస్టారు పోయిన దగ్గర్నుంచీ ఆయనకు అంతే. ఏడుపు రాదు, ఆకలి వేయదు, ఎవరైనా పలకరిస్తే ఊఁ అంటాడు.

ఇద్దరూ బడినాటి స్నేహితులు. మాస్టారు పొద్దస్తమానం పక్కసీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని అరిచీ అరిచీ, "ఏడాదికోసారైనా బ్రేకుల్లేని చోటికి పోదాంరా" అనేవాడు. పెళ్ళిళ్ళకు ముందు మొదలైన తిరుగుడు బట్టతలలు వచ్చినా ఆగలేదు. నదుల్లో పడవలు తిరగేసుకున్నారు. ఎడారిలో దారి తప్పి, నీ వల్లంటే నీ వల్లని తిట్టుకుని, ఆఖరికి ఒకే సీసాలో నీళ్ళు పంచుకున్నారు. బయల్దేరే ముందు రోజు మాత్రం షాపు షట్టరు సగం దించుకుని లోపల కూర్చునేవారు. పేకాట సాగుతోందని ఇంట్లో ఆడవాళ్ళ అనుమానం.

ఈసారి మంచుకొండ ఎక్కారు. సగం దారిలో మాస్టారికి ఆయాసం వచ్చింది. పాత జబ్బే, ఇన్‌హేలర్ పీలిస్తే తగ్గిపోయేదే. ఒకప్పుడు జేబులోంచి జారి లోయలో పడిందని, అప్పట్నుంచీ దాన్ని బ్యాగులోనే ఉంచేవాళ్ళు. బ్యాగంతా మంచు మీద బోర్లించారు. అది లేదు. దళం వాళ్ళు పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆమె ముందు భర్త బ్యాగు విప్పింది. చాక్లెట్ల డబ్బా, కొత్త పేకముక్కలు, మౌతార్గాన్ ఒక్కొక్కటే నేల మీద పెట్టింది.

"చూశారా అన్నయ్యా! పేకముక్కలు మర్చిపోలేదు, ఈ పీపీ మర్చిపోలేదు. ప్రాణం నిలబెట్టేది మాత్రం మర్చిపోయాడు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరానండీ! 'అది బ్యాగులోకి వెళ్ళిపోతుందిలే, నువ్వు దిగులు పడకు' అన్నాడు."

"అమ్మా, ఇంక ఆపు," అంది గది గుమ్మంలో నిలబడ్డ కూతురు.

"ఎందుకాపాలి? మెడకి అతికించి ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే తలకాయ కూడా ఎక్కడో పెట్టి మర్చిపోయే మనిషి! మన మీద కాస్త ధ్యాస ఉంటే ఇలా పోయేవాడా?"

గోడకున్న తండ్రి ఫోటో మొహం గోడ వైపుకి తిప్పి ఉంది. తిప్పింది ఆ పిల్లే.

షాపాయన ఆ ఫోటో వెనక అట్టనే చూస్తూ కూర్చున్నాడు. స్నేహితుణ్ణి ఒక్క మాటతో వెనకేసుకురావాలనే ఇంటి దగ్గర బయల్దేరాడు. టీ మీద మీగడ కట్టింది.

ఆమె రెండో బ్యాగు విప్పింది. మోకాలి పట్టీ. మెత్తటి గుడ్డలో చుట్టిన ఇంకో కళ్ళజోడు. పూటపూటకీ విడివిడిగా పొట్లాలు కట్టిన బీపీ మాత్రలు. చలికి పగిలే కాళ్ళకు ఆయింటుమెంటు, రాత్రుళ్ళు చెవులకు దూది. తీస్తున్నకొద్దీ ఆమె చేతులు నెమ్మదించాయి, గొంతులో కోపం దిగిపోయి ఏడుపు మిగిలింది.

"పద్ధతంటే ఇదీ. ఇందులో ఆయనకి పావలా వంతు ఉన్నా ఇవాళ ఈ ఇంట్లో తిరుగుతూ ఉండేవాడు. ఇన్నేళ్ళు మీతో తిరిగి ఏం నేర్చుకున్నాడన్నయ్యా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. ఆమె వైపు కాకుండా గుమ్మంలో ఉన్న పిల్ల వైపు చూశాడు. మాట పైకి వచ్చింది గానీ, అది తన గొంతులా ఆయనకే అనిపించలేదు.

"మేం ఎప్పుడూ ఎవరి బ్యాగు వాళ్ళు సర్దుకోలేదమ్మా, నాది వాడు సర్దుతాడు, వాడిది నేను సర్దుతాను."