వయసుకు తగ్గ పుస్తకం

"ఆరేండ్లకి ఒకటి. ఎనిమిదికి రెండు. తొమ్మిదికి ఒకటి. పదకొండుకి ఒకటి."

అరుణాచలం చీటీ చూడకుండానే చెప్పాడు. కంటి ఆపరేషనై వారమే అయింది. ఎడమకంటికి ఇంకా పచ్చగుడ్డ వేలాడుతోంది.

జానకిరామన్ హుషారుగా లేచాడు. వేలూరు కోట దగ్గరి సందులో అతనిది పిల్లల పుస్తకాల కొట్టు. బేరం అంతంతమాత్రం, గర్వం మాత్రం దండి. వయసు చెబితే చాలు, పుస్తకం తీసి చేతిలో పెడతాడు. ఆరేళ్లకైతే పెద్దక్షరాలు, పేజీకో బొమ్మ. ఎనిమిదేళ్లకు నవ్వించే జంతువులు. తొమ్మిదికి బొమ్మలు తగ్గాలి, కథలో మలుపులు పెరగాలి. పదకొండేళ్ల వాళ్లను కాస్త భయపెట్టాలి, ఆనక ధైర్యం చెప్పాలి. ఈ శాస్త్రం ఊరు మొత్తానికి తనొక్కడికే వచ్చునని అతని నమ్మకం.

ఈ ముసలాయన ఐదేళ్లుగా గుడియాత్తం నుంచి బస్సెక్కి వస్తున్నాడు. ఏటా అవే వయసులు. ఏదో బడి నడుపుతున్నాడులే అనుకున్నాడు జానకిరామన్. బడిలో పిల్లలు మారతారు గానీ తరగతులు మారవు కదా.

"పోయినేడు ఇచ్చినవి మల్లా ఇయ్యబాక నాయనా. వయసు మాత్రం తప్పకూడదు. తప్పితే వాళ్లు తీసుకోరు."

చిక్కంతా ఆరేళ్ల పుస్తకంతోనే వచ్చింది. ఉన్నవన్నీ ఇచ్చేశాడు, కొత్తది లేదు. లేదని చెప్పడం జానకిరామన్‌కు చచ్చేంత నామోషీ. తొమ్మిదేళ్ల వాళ్ల పుస్తకం ఒకటి, అట్ట మీద చిలుక ఉన్నది తీసి కట్టలో దూర్చాడు. పిల్ల ఎటూ పెరుగుతుంది, అప్పుడు చదువుకుంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

కట్ట ఎత్తబోయి ముసలాయన తూలాడు. ఆదివారం, కొట్టు ఒంటిపూటే.

"ఉండండయ్యా, నేనూ వస్తాను. మీ పిల్లకాయల్ని చూసినట్టూ ఉంటాది."

అరుణాచలం కట్టను అతనికే వదిలేసి బస్సు వైపు నడిచాడు.

గుడియాత్తంలో దిగి ఒక వీధిలోకి నడిచారు. మొదట్లోనే రెండు పార్టీల జెండా కంబాలు. ఒకే గోడ మీద వాటి గుర్తులు ఉదయసూర్యుడూ రెండాకులూ. పిల్లలు గోలీలాడుతున్నారు. ఒక్కరూ ముసలాయన దగ్గరికి రాలేదు. పుస్తకాల కట్ట చూసి కూడా రాకపోవడం జానకిరామన్‌కు వింతగా తోచింది.

మొదటి ఇంట్లోంచి ఒకామె వచ్చి గడపలో నిలబడింది. రమ్మనలేదు.

"ఏ వయసుకి?"

"పదకొండేండ్లు."

"గెట్టిగా చెప్పు."

"పదకొండేండ్లమ్మా."

అప్పుడు అందుకుంది. తీసుకెళ్లి గోడకున్న ఫొటో కింద పెట్టింది. ఫొటోలో రెండు జడల పిల్ల. ఫొటోకు దండ.

రెండో ఇంట్లోనూ అదే ప్రశ్న, అదే దండ. మూడో ఇంట్లో, నాలుగో ఇంట్లో కూడా. ఫొటోలన్నిటి కింద ఒకటే తేదీ. జానకిరామన్ ముసలాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏమైందయ్యా వీళ్లకి?"

"అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మందు అంటుకునింది. ఇరవై రెండేండ్లయింది. ఐదుగురూ లోపలే ఉండిపోయినారు." అరుణాచలం చెయ్యి విడిపించుకుని ముందుకు నడిచాడు.

ఐదేళ్లుగా తను పుస్తకాలు ఏరి ఇచ్చింది ఎవరికో జానకిరామన్‌కు ఇప్పుడు తెలిసింది. పరాయి పిల్లల్ని ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్న ఈ మనిషికి చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇలాంటివాణ్ణి మోసం చేశానే అని సిగ్గు ముంచుకొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచేలోగా ఐదో ఇల్లు రానే వచ్చింది.

ఆ ఇంటామె అంజలై వాకిట్లోనే నిలబడి ఉంది, ఎదురుచూస్తున్నదానిలా.

"ఏ వయసుకి?"

"ఆరేండ్లు."

అంజలైకి చదువు రాదు. అయినా పుస్తకం తెరిచింది. ఒక్కో పేజీ తిప్పింది. చీమల బారులాంటి అక్షరాలు. బొమ్మ ఒక్కటీ లేదు. మూసి, తిరిగి అరుణాచలం ముందుకే చాచింది.

"ఇది ఆరేండ్ల బిడ్డ పుస్తకం గాదు."

అరుణాచలం తిన్నె పట్టుకుని కూలబడ్డాడు. "కన్ను ఆనలేదమ్మా. నేను చూసుకోలేదు. ఈ ఒక్కసారికి తీసుకో తల్లీ."

ఆమె తీసుకోలేదు. పచ్చగుడ్డ కింద నుంచి ముసలాయనకు నీళ్లు కారుతున్నాయి. జానకిరామన్ ఇక ఓర్చుకోలేకపోయాడు.

"తప్పు నాదమ్మా. ఈయనకేమీ తెలవదు. తొమ్మిదేండ్ల పుస్తకం నేనే పెట్టినాను. ఇంత మంచి మనిషిని వాకిట్లో కూర్చోబెట్టి ఏడిపిస్తారా? మూడేండ్లు ఎక్కువైతే ఏం మునిగిపాయె?"

అంజలైకి కోపం రాలేదు. పుస్తకాన్ని జానకిరామన్ చేతిలో పెట్టి, చెంగుతో తన చెయ్యి తుడుచుకుని, కూలబడ్డ అరుణాచలం వైపు చూపించింది.

"పద్నాలుగు నిండనోళ్లని పనిలోకి తీసుకోకూడదని, ఫ్యాక్టరీ రిజిస్టర్లో నా బిడ్డకి ఎనిమిదేండ్లు ఎక్కువేసి రాసిన పొద్దు, ఈ గుమస్తా గూడా నాతో ఇదే మాట అన్నాడు నాయనా."