పెదనాన్న ఇంటికొచ్చాడు

వచ్చిన మొదటి సాయంత్రం ఆయన కంచె దాటి లోపలికి రాలేదు.

కుక్కే ముందు పసిగట్టింది. తోక ముడుచుకుని ఎల్వా అవ్వ కుర్చీ కిందికి దూరింది. ఆ తర్వాత వాసన వచ్చింది. తడిసిన ఉన్ని కోటు వాసన. దక్షిణ ఆస్ట్రేలియాలో సెడూనా ఊరి అవతల, నెలల తరబడి చినుకు పడని ఆ ఎండల్లో, తడి వాసన.

"వచ్చాడే," అంది అవ్వ. "మా పెదనాన్న వచ్చాడు."

మనవరాలు జొలీన్ ఏడ్చేసింది. బెల్జియం దాకా వెళ్లి పిలుచుకొచ్చింది తనే మరి.

జర్మన్లతో జరిగిన మొదటి యుద్ధంలో పోయాడాయన. పరాయి మట్టిలో పడుకున్నవాడి ప్రాణం అక్కడే తిరుగుతూ ఉంటుందని ఆయన తమ్ముడు, అంటే అవ్వ తండ్రి, బతికినన్నాళ్లూ బాధపడ్డాడు. "మా అన్నని తీసుకురండి" అన్నదే ఆ ముసలాయన ఆఖరి మాట.

ఇన్నేళ్లకి జొలీన్ విమానం ఎక్కింది. ఊరి మట్టి డబ్బాలో పట్టుకెళ్లింది. ఆయన పేరు చెక్కిన తెల్లరాయి ముందు చల్లింది. యూకలిప్టస్ ఆకుల పొగ వేసి, అవ్వ నేర్పిన మాటలతో పిలిచింది. ఇంటికి పోదాం రా ముత్తాతా, అని. తిరిగొచ్చేటప్పుడు విమానంలో పక్కన ఖాళీ సీటు. దారి పొడుగునా అటువైపు భుజం చల్లబడిపోయిందని చెప్పింది.

కానీ వచ్చిన మనిషి ఇంట్లో అడుగుపెట్టడు. ప్రతి సాయంత్రం కంచె దగ్గరే. పొద్దున లేచి చూస్తే బూట్ల గుర్తులు. మా వైపు ఎక్కడా కనపడని బూడిదరంగు బురద. మొనలన్నీ సముద్రం వైపు.

అవ్వ మా ఆదివాసుల భాషలో పిలిచింది. పలకలేదు. చిన్నప్పుడు నాన్న పాడిన పాట పాడింది. అడుగుల చప్పుడు ఇంకా దూరం జరిగింది.

"వందేళ్లు మిలిటరీలో ఉంటే చెవులేం పనిచేస్తాయి అవ్వా," అన్నాడు జొలీన్ అన్న డారిల్. "ఫిరంగులకి చెవుడొచ్చుంటుంది."

"నోర్ముయ్‌రా. వింటాడు."

"వింటే మంచిదేగా!"

మర్నాడు డారిలే బొరియలు తవ్వి, పందిపిల్లంత ఉండే వొంబాట్‌ని పట్టుకొచ్చాడు. గోతిలో నిప్పులేసి, తోలుతోనే కాల్చారు. ఆ మాంసమంటే పెదనాన్న ప్రాణం పెట్టేవాడట. మంచి ముక్క ఏరి కంచె మీద పెట్టారు. కాసేపటికి అవతల ఎవరో డోకుకున్న చప్పుడైంది.

ఈసారి డారిల్ కూడా నవ్వలేదు.

అవ్వ ఆ రోజు నుంచి అన్నం ముట్టడం మానేసింది. "మన మీద కోపం ఆయనకి. ఇంత ఆలస్యం చేశాం. ఆయన గడప లోపలికి రాకుండానే నేను పోతే, అక్కడ మా నాన్నకి ఏం మొహం చూపించను?"

మనిషి చిక్కి సగమైంది. తనూ జొలీనూ చెప్పినా వినదంటూ డారిల్ నర్సుని పిలుచుకొచ్చాడు. ఆవిడ మాటా వినలేదు.

ఒక సాయంత్రం అవ్వ తన కుర్చీ తనే ఈడ్చుకుంటూ కంచె దాకా వెళ్లింది. జొలీన్ సాయం పట్టబోతే కసిరింది. కూర్చుంది. ఇక పిలవలేదు. ఊరికే చెప్పుకోవడం మొదలుపెట్టింది.

తిరిగొచ్చిన తెల్ల సిపాయిలకి పొలాలు పంచారని చెప్పింది. మన నేల కోసే పంచారని చెప్పింది. టౌన్ హాల్లో నీ పేరు రాయి మీద చెక్కారు, చూస్తానని వెళ్తే నీ తమ్ముణ్ణి గుమ్మంలోనే ఆపేశారని చెప్పింది.

"ఎవరి కోసం చచ్చిపోయావో మాకిప్పటికీ తెలీదు పెదనాన్నా. మీ అమ్మ మాత్రం నువ్వొస్తావనే ఉంది. పోయేదాకా గుడిసె తలుపు వేయనివ్వలేదు. అమ్మరా, అమ్మ! ఎట్లా తట్టుకుంటుంది?"

కంచె అవతల ఎవరో వెక్కారు.

జొలీన్ కిటికీలోంచి చూస్తూనే ఉంది. అవ్వ చేయి చాచింది. తర్వాత ఆవిడ ఒళ్లో ఉన్న దుప్పటి మధ్యలో నెమ్మదిగా నొక్కుకుపోయింది, ఎవరో తల వాల్చినట్టు. అక్కడంతా తడిసిపోయింది. అవ్వ ఆ గాలిని నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

అప్పట్నుంచి ఆయన వరండాలోకి వచ్చాడు.

అవ్వ కడుపునిండా తినసాగింది. చీకటి పడే వేళకి వరండా మెట్టు మీద దుప్పటి పరిచేది. కుక్క కూడా కుర్చీ కిందినుంచి వచ్చి దాని పక్కనే ముడుచుకునేది. డారిల్ బీరు తాగి వచ్చిన రోజు కూడా ఆ మెట్టు తొక్కకుండా పక్కనుంచి ఎక్కేవాడు. "వస్తా ముత్తాతా," అని మెల్లగా చెప్పి వెళ్లేవాడు.

చలికాలం అయిపోవస్తుండగా ఫోన్ వచ్చింది. అవ్వ దుప్పటి సర్దుతోంది. జొలీన్ ఎత్తింది.

"అవునండీ, నేనే... ఎప్పుడు?... బెల్టు బకిల్ ఒక్కటేనా, ఇంకేమన్నా దొరికిందా?... పరీక్షలు చేశారా? ఖాయమేనా?"

ఫోన్ పెట్టేసి అవ్వ దగ్గరికి వచ్చింది.

"ఎవరే?"

"బెల్జియం నుంచి అవ్వా. సమాధులు చూసుకునేవాళ్లు. కాలువ గట్టు కుంగుతోందని ఆ వరుస తవ్వి పక్కకి జరుపుతున్నారట."

అవ్వ నవ్వింది. "జరుపుకోనీ. మనిషి ఇక్కడుంటే ఎముకలు ఎటు పోతే ఏంటి!"

జొలీన్ మెట్టు వైపు చూసింది. దుప్పటి మనిషి ఆకారంలో గుంటపడి ఉంది. అంచుల వెంట తడి పాకుతోంది. ఆమె వంగి, అటు వినపడకుండా, అవ్వ చెవిలో చెప్పింది.

"ఆ గోతిలో ఉన్నది ముత్తాత కాదట అవ్వా, జర్మన్ సిపాయట."