డాబా ఇంటి వేడి

పొద్దు వాలి చాలాసేపయినా, గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది.

అనురాధ తడిగుడ్డతో పాప ఒళ్లు తుడిచింది. నెల నిండని పిల్ల. ఏడవడం కూడా మానేసింది.

రెండువేల మూడు, రోహిణి కార్తె. అమలాపురంలో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. చుట్టూ డాబాలే. గాలి దూరే సందు లేదు.

వడదెబ్బకి పాపను రెండురోజులు ఆస్పత్రిలో ఉంచుకుని, ఆ మధ్యాహ్నమే ఇంటికి పంపించారు.

"మళ్లీ ఆ డాబా గదిలోనే ఉంచితే మళ్లీ ఇక్కడికే తెస్తారమ్మా. పల్లెలో రాత్రిళ్లయినా చల్లబడుతుంది. ఎవరూ లేరా మీకు?" అన్నారు డాక్టరుగారు.

ఉన్నారు. కాట్రేనికోన దగ్గర తోడికోడలు భూలక్ష్మి ఉంది.

భూలక్ష్మితో కలిసి ఉన్న ఇల్లు విడిచి ఈ డాబా ఇల్లు కొనడానికి అనురాధే పట్టుబట్టి, కొబ్బరితోటలో తమ వాటా అమ్మించింది. "చెట్లు కొట్టేవాడికి మాత్రం ఇవ్వకండి" అని భూలక్ష్మి బతిమాలింది. కొన్నవాడు చెట్లన్నీ కొట్టించి రొయ్యల చెరువు తవ్వేడు.

ఆ తర్వాత మాటల్లేవు. పాప పుట్టిన కబురు కూడా పంపలేదు.

"మీ వదినగారింటికి వెళ్దామండి."

"ఏ మొహం పెట్టుకుని?" అన్నాడు భర్త వంశీధర్.

ఆమె అప్పటికే పొత్తిగుడ్డలు సంచిలో సర్దుతోంది.

ఊరి చివరి డాబా దాటేదాకా ఆటోలోకి సెగ కొడుతూనే ఉంది. కొబ్బరితోటల మధ్యకి మళ్లేక గాలి మారింది. తడి తువ్వాలు మొహానికి అద్దినట్టుంది.

పాప పెదాలు కదిపింది. అనురాధ పైట చాటున పాలు పట్టింది. కాస్త తాగింది.

భూలక్ష్మి తాటాకింటి అరుగు మీద కూర్చుని ఉంది. ఆటో దిగినవాళ్లని చూసి లేవలేదు.

"అక్కయ్యా, పాపకి బాగాలేదండి. ఊళ్లో వేడికి తట్టుకోలేకపోతోంది."

భూలక్ష్మి చేతులు కొంగుకి తుడుచుకుని, పిల్లని అందుకుంది.

"ఆడపిల్లా?"

"ఆయ్."

భూలక్ష్మి వంశీధర్ చేత అరుగు మీదికి నులకమంచం లాగించింది.

తెల్లవారుజామున అనురాధకి మెలకువ వచ్చింది. పక్కలో పాప లేదు. చప్పున లేచి కూర్చుంది.

భూలక్ష్మి స్తంభానికి చేరగిలబడి ఉంది. ఆవిడ ఒళ్లో పాప గుప్పిళ్లు బిగించి, ముడుచుకుని పడుకుంది.

"పిల్లకి చలేస్తున్నట్టుంది" అంది భూలక్ష్మి మెల్లగా. "దుప్పట్లు ఎక్కడుంటాయో నీకు తెలుసుగా. ఒకటి పట్రా."