ఎముక పిడి అద్దం

“ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను పిన్నీ.”

“మూడు రోజుల్నుంచీ ఇదే పాట! నలుగురూ వింటున్నారు, సిగ్గనిపించడం లేదూ?” అంది ఫిలిన్న, చీపురు గోడకి చేరేస్తూ.

కొరింతు కొండమీద అఫ్రొడైటి దేవి గుడి అది. ముప్పై ఏళ్ళుగా అక్కడ ఊడ్చేదీ, దీపాలు వెలిగించేదీ, భక్తుల్ని తిట్టేదీ ఫిలిన్నే. మూడో పనంటే ఆమెకు మరీ మక్కువ. మొన్నటికి మొన్న, చనిపోయిన తల్లి దువ్వెన తెచ్చి దేవికి సమర్పించిన ఒకామెను, చావు మైల గుడికి అంటించావంటూ కొండ దిగేదాకా తిట్టింది. ఆ దువ్వెనను సముద్రంలో పారేయించింది కూడా.

వయసు మళ్ళిన ఆడవాళ్ళు తమ కంచు అద్దాన్ని దేవికి ఇచ్చేయడం అక్కడి ఆనవాయితీ. అలా వచ్చిన అద్దాలతో గోడలు నిండిపోయాయి. ఒకప్పుడు ఒక్క పావురం లోపలికొస్తే వెయ్యి పావురాలు కనబడి, గుడి పిల్లి దండయాత్ర అనుకుని పారిపోయిందట. అది అద్దాలు తోమిన రోజుల మాట. ఇప్పుడన్నీ చిలుం పట్టి పచ్చబడ్డాయి. వాటిని కరిగించి దీపస్తంభం పోత పోయించమన్నారు పెద్దలు. గుడి వెనక కొలిమి రాజుకుంది. కంచరి లాంపోన్ పొద్దుటినుంచీ గుడి మండపంలో కూర్చుని పిడులు విరిచి, కంచును గంపలోకి విసురుతున్నాడు.

ఇంకా విరవని అద్దాల కుప్పలో తిమారెతె అద్దం కూడా ఉంది. దాని కోసమే ఈ బతిమాలుకోవడం.

“నువ్విచ్చి పన్నెండేళ్ళయింది,” అంది ఫిలిన్న. “అప్పటికి నీకు ముప్పై నిండలేదు. ఒక్క వెంట్రుక నెరవలేదు. ‘అబ్బ, ఇంత అందం ఉండీ అద్దం వదిలేసిందే’ అని ఊరంతా చెప్పుకోవాలని ఇచ్చావు. ఇప్పుడు కరిగిపోతుందనేసరికి మనసు పీకుతోందా?”

తిమారెతె కళ్ళు కుప్ప మీదే ఉన్నాయి.

పూలమాలలు తెచ్చిన ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు. జనం పోగయితే ఫిలిన్న నోటికి పట్టపగ్గాలుండవు.

“థెస్పియాలో ఒక కుర్రాడు నీళ్ళలో తన ముఖం చూసుకుంటూ తిండి మానేసి చచ్చాడు. వాడంటే పువ్వయ్యాడు. నువ్వేమవుతావే, ఉల్లిగడ్డవా?”

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. “పోనీలెద్దూ,” అంది వాళ్ళలో ఒకామె. “మొగుడు చూస్తే ఓడల మీద. పుట్టిన ఒక్క పిల్లా అప్పట్లోనే ఏడాది నిండీ నిండకుండా పోయింది. తన ముఖం తను చూసుకోక ఎవరి ముఖం చూస్తుంది?”

“అయినా అక్కా,” అన్నాడు లాంపోన్, “లోపల అమ్మవారే డాలు పట్టుకుని అందులో ముఖం చూసుకుంటోంది. ఆవిణ్ణి తిట్టవేం?”

“ఆవిడకు ముడతలు రావురా!”

మళ్ళీ నవ్వులు. తిమారెతె చెవులు కొలిమిలో పెట్టినట్టు ఎర్రబడ్డాయి. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పారిపోతుందనుకున్నారు. కదల్లేదు.

“దేవికిచ్చింది గుమ్మం దాటదు. ఇంటికి పట్టుకుపోతానంటే ఒప్పుకోను,” అంది ఫిలిన్న.

“అననమ్మా. కాసేపు చేతికిస్తే చాలు.”

“ఎముక పిడిదేనా? ఇదిగో!” లాంపోన్ కుప్పలోంచి ఒకటి పైకెత్తాడు. “ఈ పిడి ఎందుకూ పనికిరాదు, ఎలుకలు కొరికేశాయి. విరిచి చెత్తగుంటలో...”

“విరవకు అన్నా!”

ఆ కేకకు పావురాలు లేచిపోయాయి. ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. ఫిలిన్నకు కూడా విసుగొచ్చింది.

“సరే, ఇచ్చెయ్యరా, పీడా పోతుంది. ఉండవే, ఆ చిలుంలో నీ ముఖమేం కనిపిస్తుంది? బూడిద పెట్టి తోమిస్తాను.”

“వద్దు పిన్నీ, వద్దు! ఏమీ తోమొద్దు. ఎలా ఉందో అలాగే ఇవ్వు.”

“గడుసుదే!” అన్నాడు లాంపోన్. “చిలుం అద్దంలో అందరూ పడుచువాళ్ళే కదా!”

తిమారెతె అద్దాన్ని రెండు చేతులా అందుకుని, మూల స్తంభం వెనక్కి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి ఆడవాళ్ళు తమ పూజలకు వెళ్ళిపోయారు.

ఫిలిన్నకు మాత్రం కాలు నిలవలేదు. ఈ వయసులో ఏం సింగారించుకుంటోందో చూసి, రేపు చెప్పుకోవడానికి ఒక ముచ్చట మిగుల్చుకుందామనుకుంది. నాలుక చివర ఒక ఎత్తిపొడుపు సిద్ధం చేసుకుని, అడుగులో అడుగేసుకుంటూ స్తంభం పక్కనుంచి తొంగి చూసింది.

అద్దం బోర్లా ఉంది.

తిమారెతె కళ్ళు మూసుకుని ఉంది. ఆమె బొటనవేలు ఎముక పిడి చివర మెల్లగా తడుముతోంది. పైన రెండు పంటిగాట్లు, కింద రెండు. ఒక్కోటీ బార్లీ గింజంత కూడా లేదు. తడిమి తడిమి, వంగి, వాటికి పెదవులు ఆనించింది.

ఫిలిన్న ఆ ఎత్తిపొడుపును మింగేసి, రెండడుగులు వెనక్కి వేసింది.

“ఏమక్కా, కంచు కరిగించే మూస కాగింది!” అని అరిచాడు లాంపోన్. “ఆ ఎలుకలు కొట్టిన పిడి విరిచేద్దామా?”

ఫిలిన్న గబుక్కున అతని వైపు తిరిగింది. వద్దన్నట్టు చెయ్యి ఊపింది. గోడల మీద ఇంకా మిగిలిన అద్దాలన్నీ తననే చూస్తున్నట్టనిపించి, ముఖం కొంగులో దాచుకుంది.

ఆ గాట్లు ఎలుక పళ్ళవి కావు.